ముందుది, వెనకది

కళ్లద్దాల షాపు, వెనక గది

ఒసే వెనకదానా,

ఎలా ఉన్నావు? ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఇస్త్రీపెట్టె కాలుతోంది, తర్వాత" అని పెట్టేస్తావు. అందుకే మళ్లీ కాగితం పట్టుకున్నాను. ఉత్తరమైతే దిండు కింద పెట్టుకునైనా ఎప్పుడో ఒకప్పుడు చదువుతావు.

ఇక్కడ పని మామూలే. నిన్న మాత్రం ఒకాయన కొత్త అద్దాలు పెట్టుకుని, నేల పైకి లేచొస్తోందని గోల చేశాడు. చూస్తే కుడి గాజు ఎడమకి, ఎడమ గాజు కుడికి బిగించాను. ఇన్నేళ్లలో ఇలాంటి పొరపాటు ఎప్పుడూ చేయలేదు. యజమాని తిట్టలేదు, "ఒంట్లో బాగుందా అమ్మా?" అని అడిగాడు. తిట్టినా బాగుండేది.

అసలు సంగతి చెప్తాను. పెద్దాసుపత్రి వెనక పరిశోధన కేంద్రంలో పనిచేసే డాక్టరమ్మ ఒకావిడ మా షాపుకి వస్తుంది. బైపోలార్ జబ్బు కొన్ని కుటుంబాల్లోనే ఎందుకు తిరుగుతుంది, రక్తంలో ఏది మోసుకొస్తుంది అని వాళ్లు వెతుకుతున్నారట. మాటల్లో నీ సంగతి వచ్చింది. కవలల్లో ఒకరికి జబ్బు ఉండి ఒకరికి లేకపోతే అలాంటి జత వాళ్లకి బంగారమట. నేను వెళ్లి రక్తం ఇచ్చి వచ్చాను. నువ్వు కూడా వెళ్లి కాసేపు మాట్లాడి, ఒక సీసా రక్తం ఇచ్చి రా. పెద్ద శ్రమేం కాదు. విజ్ఞానానికి మనవంతు సాయం అనుకో.

మీ బావ కోల్డ్ స్టోరేజీ మెషీన్లు బాగుచేయడానికి మళ్లీ ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నాడు. నిన్ను అడిగానని చెప్పమన్నాడు. బిళ్ళలు వేసుకుంటున్నావా?

నీ అక్క

*

లాండ్రీ మీద గది

అక్కా,

(కాస్త ముందు పుట్టినందుకు ఈ పిలుపు జన్మంతా వసూలు చేస్తున్నావు. నీ అంత గట్టి వ్యాపారిని నేనెక్కడా చూడలేదు.)

బిళ్ళలు వేసుకుంటున్నాను. ఆ లిథియం ఉప్పు బిళ్ళ ఒంట్లో ఎక్కువైందా తక్కువైందా అని నెలనెలా రక్తం తీస్తూనే ఉన్నారు. సూది గుచ్చడానికి నా చేతిమీద ఖాళీ జాగా ఎక్కడైనా ఉంటే చూపించు, మీ డాక్టరమ్మకి రాసిచ్చేస్తాను. పైగా అక్కడికి పోతే మళ్లీ అవే ప్రశ్నలు. ఎప్పుడైనా నిద్రే అక్కర్లేదనిపించిందా? ఎప్పుడైనా లోకమంతా మీదేననిపించిందా? అనిపించిందండీ. ఆ తర్వాత ఏమైందో మా అక్కనడగండి, అప్పచెప్తుంది. నాకు విసుగొచ్చిందే. నేను వెళ్లను.

అది సరే, నీకేమైంది? మార్కెట్లో వంకాయలు బేరమాడేదానివి, నీ నోట విజ్ఞానం ఏమిటి? గాజులు తారుమారు చేసేంత ఆలోచన ఏం పట్టుకుంది నీకు? అడక్కపోయినా "పెద్ద శ్రమేం కాదు" అంటావేం? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. ఒంట్లో బాగాలేదా? నిజం చెప్పు. నాకు నిజం చెప్తే పడిపోతానని మీరంతా అనుకుంటారు. నిజం వల్ల నేనెప్పుడూ పడిపోలేదు.

కింద పెళ్లిబట్టల మూట వచ్చింది. వెళ్లాలి.

నీ వెనకది

*

కళ్లద్దాల షాపు, వెనక గది

వెనకదానా,

సరే. చెప్పేస్తాను. నాకు మూడో నెల.

ఈ వయసులో ఇక రాదనుకున్నాను. రాకూడదనే ఇన్నాళ్లూ జాగ్రత్తపడ్డాను. మీ బావకి చెప్పగానే స్టూలు మీద కూర్చుండిపోయి ఏడ్చాడు, సంతోషంతో. ఆయన్ని చూసి నేనూ ఏడ్చాను. నా ఏడుపు వేరు.

నీకు కోపం వస్తుందని తెలిసీ రాస్తున్నాను. నువ్వు ఇస్త్రీ బల్ల ఎక్కి నిలబడి, జనం చొక్కాలన్నీ దారినపోయేవాళ్లకి పంచిపెట్టిన రోజు వచ్చింది నేనే. ఆ తర్వాత నువ్వు గోడవైపు తిరిగి పడుకుని లేవకపోతే, మంచం మీదే నీ తలకి స్నానం చేయించింది నేనే. చేసినందుకు చెప్పుకోవడం లేదు. చూశాను కాబట్టి చెప్తున్నాను. నిన్ను అలా చూశాక, నా కడుపున పుట్టినదాన్ని కూడా అలా చూడాల్సివస్తే నావల్ల కాదు.

డాక్టరమ్మని అడిగాను. ఆవిడ నెమ్మదిగా చెప్పింది. మనిద్దరం ఒకే గుడ్డు చీలి పుట్టినవాళ్లమైతే, నాకు జబ్బు రాకపోయినా నా రక్తంలో ఉన్నదీ నీ రక్తంలో ఉన్నదీ ఒక్కటేనట. అప్పుడు నా బిడ్డ రక్తం లెక్కలో నీ బిడ్డ కిందే లెక్కట. వేరువేరు గుడ్లయితే మనం మామూలు అక్కచెల్లెళ్లం, ఆ బిడ్డకి నువ్వు మామూలు పిన్నివి, ప్రమాదం బాగా తగ్గిపోతుంది. మనం ఏ రకమో రక్తం చూస్తే తెలుస్తుందట. దానికి ఇద్దరి రక్తమూ కావాలి.

మనం వేరనే నా నమ్మకం. అమ్మ ఎప్పుడూ చెప్పేది కదా, మన వెనక రెండు మావులు పడ్డాయని, అందుకని మనం రెండు వేరువేరు కాన్పుల్లాంటి వాళ్లమని. ముఖాలు కలుస్తాయంటే ఏ అక్కచెల్లెళ్లకైనా కలుస్తాయి, పైగా నీ ముఖం బిళ్ళలతో ఉబ్బింది, నాకేమో అద్దాలొచ్చాయి. నీది ఎడమచేతి వాటం, నాది కుడి. వేరే. అయినా ఎవరైనా ఒకసారి గట్టిగా చెప్తే బాగుంటుంది. ఒకటే అని తేలితే మాత్రం ఈ కాన్పు నేను మొయ్యలేను. ఆసుపత్రిలో అడిగాను, ఇంకా కొంచెం టైముందన్నారు. మీ బావకి ఈ మాట చెప్పలేదు.

ఒక్క సీసా. నాకోసం.

నీ అక్క

*

లాండ్రీ మీద గది

అక్కా,

ముందు కోపం సంగతి చూద్దాం. చొక్కాలు పంచిన రోజు నీకు బాగా గుర్తుంది. అది ఒక్క వేసవి. దాని తర్వాత ఇన్నేళ్లు ఈ బల్ల దగ్గర ఎన్ని చొక్కాలు చేశానో, ఒక్క కాలర్ కాల్చకుండా చేతి వణుకుని ఎలా దాచుకున్నానో, అది ఎవరికీ గుర్తుండదు. నాలాంటిది పుడుతుందని నీ భయం. నాలాగా ఉండటం అంటే ఏమిటని నన్ను ఒక్కసారైనా అడిగావా? గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు చచ్చిపోదామనుకున్న మాట నిజమే. చావనందుకు సంతోషించిన రోజులు అంతకంటే చాలా ఎక్కువ. ఈ లెక్క నీకు ఏ డాక్టరమ్మా చెప్పదు, నేనే చెప్పాలి.

కోపం అయిపోయింది. ఇప్పుడు ఇంకోటి. "నా బిడ్డ నీ బిడ్డ కిందే లెక్క" అని రాశావు చూడు. నువ్వు ఆ మాట భయపడుతూ రాశావని తెలుసు. నేను దాన్ని పట్టుకుని కూర్చున్నాను. కింద లాండ్రీ నడిపే ముసలి మేస్త్రి "ఏమ్మా, లాటరీ తగిలిందా?" అని అడిగాడు. నాకు పిల్లలు వద్దని డాక్టర్లు చెప్పలేదు. మన ఇంట్లో వాళ్లు చెప్పారు, నువ్వు తలూపావు, నేను సరేనన్నాను. ఇప్పుడు ఎక్కడో నీ కడుపులో, నాకు తెలియకుండా నాది కూడా ఒకటి ఉండొచ్చునంటున్నావు. నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

నిన్న వెళ్లి రక్తం ఇచ్చాను. మీ డాక్టరమ్మ మంచిదే, మాట తూచి మాట్లాడుతుంది. "ఇంతకీ మా రక్తంలో ఈ జబ్బు మోసుకొచ్చిన దొంగ ఎవరండీ?" అన్నాను. "ఒక్కడు కాదమ్మా, వందలమంది ఉన్నారు, తలా కాస్త చెయ్యి వేస్తారు. చాలామంది పేర్లు మాకింకా తెలీవు" అంది. తిలాపాపం తలా పిడికెడు అన్నమాట. మరి ఇంతమందిలో ఎవరిని పట్టుకుని జైల్లో వేస్తారో.

రెండు మావుల సంగతి కూడా అడిగాను. మావులు రెండైనంత మాత్రాన గుడ్లు రెండని అనుకోకూడదట. ఒకే గుడ్డు తొందరగా చీలితే ఎవరి మావి వాళ్లకే ఏర్పడుతుందట. ఎడమచేతి వాటం దేనికీ సాక్ష్యం కాదట. ఈ మాట నీకు రాయకూడదనుకున్నాను. కానీ నిజం చెప్పమని నిన్ను అడిగినదాన్ని నేనే కదా.

ఏది తేలినా, తేలిన రోజే చెప్తాను.

నీ వెనకది

*

ఇల్లు, వంటగది

వెనకదానా,

నీ ఉత్తరం మీ బావ కంటపడకుండా చదివి పొయ్యిలో పెట్టాను. తిట్టినవన్నీ పడ్డాను. నువ్వు చెప్పిన లెక్క నిజమే అయుండొచ్చు. కానీ నువ్వు లోపల ఉండి లెక్కపెట్టావు, నేను తలుపు బయట నిలబడి లెక్కపెట్టాను. రెండూ ఒకటి కావు.

డాక్టరమ్మకి ఫోను చేశాను. ఫలితం నాకు చెప్పొద్దన్నాను. ఎదురుగా ఎవరో కూర్చుని చెప్తుంటే వినే ధైర్యం లేదు. మా చెల్లెలికి చెప్పండి, దాని నోట వింటాను అన్నాను. షాపుకి వచ్చి నాచేత సంతకం చేయించుకుంది. నేనంతట నేను అడిగితే తప్ప నాకు చెప్పరు.

ఆసుపత్రిలో వచ్చే వారానికి ఒక రోజు రాయించుకున్నాను. నీ దగ్గర్నుంచి ఏమొస్తుందో చూసి వెళ్లాలో మానాలో తేల్చుకుంటాను. పొద్దున్నే వాంతులు. మీ బావ నాకోసం నిమ్మకాయలు కోస్తున్నాడు, పాట పాడుతూ. ఆయన్ని చూడలేకపోతున్నాను.

నీ అక్క

*

లాండ్రీ మీద గది

అక్కా,

పొద్దున వెళ్లి వచ్చాను. డాక్టరమ్మ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. మనం వేరువేరు. రెండు గుడ్లు, రెండు మావులు. అమ్మ చెప్పినదే నిజం. నువ్వు అనుకున్నదే అయింది. నీ బిడ్డకి నేను పిన్నిని, అంతే.

ఆ రాయించుకున్న రోజు కొట్టేయించు. బావని పాడుకోనీ.

నీ వెనకది

*

లాండ్రీ మీద గది

డాక్టరమ్మగారికి నమస్కారం.

ఎడమచేతి ఇస్త్రీ అమ్మాయినండీ. మీరు గుర్తుపట్టే ఉంటారు.

మేమిద్దరం ఒకే గుడ్డు అని మీరు చెప్పినప్పుడు నేను నవ్వాను. ఎందుకు నవ్వారని మీరడిగితే చెప్పలేకపోయాను. చిన్నప్పట్నుంచీ అక్క అన్నింటిలోనూ ముందు. చదువులో ముందు, పెళ్లిలో ముందు, బుద్ధిలో ముందు. నేను మాత్రం పోత పోసేటప్పుడు ఎక్కడో తప్పిన బొమ్మనని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. అచ్చు ఒకటే అని మీరు చెప్తే సంతోషం పట్టలేకపోయాను.

కానీ అక్కకి వేరువేరు అని రాశానండీ. నిజం చెప్తే ఆ బిడ్డ ఉండదు. అది తప్పో ఒప్పో చెప్పేదాన్ని నేను కాదు, అక్క కడుపు అక్కది. అయినా చేతులారా ఆ మాట రాయలేకపోయాను. నాలాంటిది పుట్టకూడదని నేనే సంతకం పెట్టినట్టవుతుంది కదండీ.

మీరు అక్క షాపుకి వెళ్తుంటారు. దయచేసి చెప్పకండి. మీ పరిశోధనకి ఇంకెన్ని సీసాలు కావాలన్నా ఇస్తాను.

ఇట్లు
వెనక పుట్టినది

*

పరిశోధన కేంద్రం, రెండో అంతస్తు

అమ్మా,

మీ ఉత్తరం అందింది. మీ అక్కగారు అడిగితే తప్ప ఫలితం ఆమెకు చెప్పకూడదని ఆమె సంతకమే ఉంది. కాబట్టి నా అంతట నేను చెప్పను. అయితే మీరు చేసిన పని నాకు దిగులుగా ఉంది. ఎందుకో వివరంగా రాస్తాను.

మీరిద్దరూ బిడ్డ గురించే ఆలోచించారు. బిడ్డ విషయంలో మేం ఏ హామీ ఇవ్వలేం, భయపెట్టనూ లేం. ఈ జబ్బున్న తల్లుల పిల్లల్లో కూడా ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు. నా దిగులు మీ అక్కగారి గురించి. మీ రక్తంలో ఉన్న ప్రమాదమే ఆమె రక్తంలోనూ ఉంది. ఇన్నాళ్లూ బయటపడలేదు, ఎప్పటికీ బయటపడకపోవచ్చు. కానీ ఈ జబ్బు వచ్చేదుంటే ఎక్కువగా పైకి లేచేది ప్రసవమైన తొలి వారాల్లో. నిద్ర చెడితే ఇంకా త్వరగా వస్తుంది. ముందే తెలిస్తే పురుడు పోసే డాక్టర్లు కనిపెట్టి ఉంటారు, నిద్రకి ఏర్పాటు చేస్తారు, కావాలంటే మందు ఇస్తారు. తెలియకపోతే బాలింత సంబరం అనుకుని ఊరుకుంటారు.

కాన్పుకి ముందైనా ఆమెకి నిజం చెప్పండి. మీరే చెప్పండి. నేను ఎదురుచూస్తుంటాను.

*

లాండ్రీ మీద గది

అక్కా,

ఏడో నెల వచ్చిందని బావ ఫోనులో చెప్పాడు. పొట్ట మీద గ్లాసు పెట్టుకుని నీళ్లు తాగుతున్నావట. బల్ల ఖర్చు కలిసొచ్చింది.

ఒకటి అడుగుతాను, కాదనకు. పురిటికి నేను వస్తాను. సెలవు అడిగాను, మేస్త్రి ఒప్పుకున్నాడు. బిడ్డ ఏడిస్తే బావో నేనో లేస్తాం. నువ్వు నిద్రపోవాలి. ఏం చేసినా చెయ్యకపోయినా నిద్ర మాత్రం పోగొట్టుకోకు. పురుడు పోసే డాక్టరుతో నా జబ్బు సంగతి చెప్పావా? చెప్పు. కవల చెల్లెలికి ఉందని చెప్పు. నీకు ఉన్నట్టుండి హుషారు ఎక్కువైతే, మాట ఆగకుండా వస్తుంటే, నిద్ర రాకపోయినా బాగానే ఉందనిపిస్తే, వెంటనే నాకు ఫోను చెయ్యి. ఇంకో మాట కూడా ఉంది. అది ఎదురుగా చెప్పాలి. వచ్చాక చెప్తాను.

నీ వెనకది

*

ఇల్లు, కిటికీ పక్కన

నా బంగారు వెనకదానా,

ఎంత పెద్దదానివైపోయావే, నాకు నిద్ర గురించి పాఠాలు చెప్తున్నావు! నాకేమవుతుంది? మనం వేరని తేలిపోయింది కదా. ఆ ఉత్తరం వచ్చిన రోజు నుంచి నాకు గుండె మీద బండ దిగినట్టుంది. నీ జబ్బు సంగతి డాక్టరుతో చెప్పలేదు. అనవసరంగా పరీక్షలంటారు, గుచ్చి గుచ్చి అడుగుతారు. ఇప్పుడే కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాను.

నువ్వు రావడం గురించి. కోపం తెచ్చుకోకు. పసిబిడ్డ ఉన్న ఇల్లంటే నిద్ర లేని ఇల్లు. నీకే మంచిది కాదు. మీ బావ కూడా అదే అన్నాడు, నేనే ముందు అన్నాననుకో. బిడ్డకి మూడో నెల వచ్చాక రా. అప్పుడు తీరిగ్గా ఎత్తుకుందువుగాని. ఎదురుగా చెప్పాల్సిన మాట అప్పటిదాకా దాచుకో, నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలుసుగానీ, ప్రయత్నించు.

నీ అక్క

*

ఇల్లు

నా వెనకదానా నా ప్రాణమా,

పాప పుట్టింది నీకు బావ ఫోను చేశాడు కదా అది కాదు నేను చెప్పేది, పాప కళ్లు చూశానే, నువ్వు నమ్మవు, దాని కళ్లలో వెలుగు ఎక్కడ పడి ఎక్కడ వంగుతుందో మొత్తం నాకు కనిపిస్తోంది, ఇన్నేళ్లు గాజులు అరగదీశాను ఒక్కనాడు అర్థం కాలేదు ఇప్పుడు ఒక్క పూటలో అర్థమైపోయింది. పసిపిల్లలందరికీ పుట్టగానే అద్దాలు పెట్టాలి, అందరికీ, లోకంలో ఉన్న అందరికీ, ఎంత చిన్న ఫ్రేము కావాలో పాప ముక్కు కొలిచి బొమ్మ వేశాను, మా యజమానికి ఫోను చేసి గాజు తెప్పించమన్నాను, ఎంతా అంటే లారీ అన్నాను, నవ్వాడు, నవ్వనీ, వాడికి చూపెక్కడుంది. నాకు నిద్ర అక్కర్లేదే! ఇన్నేళ్లు పడుకుని ఎంత వృథా చేశాం మనం. ఇల్లంతా కడిగాను కిటికీల అద్దాలు తీసి కడిగాను మీ బావ వద్దన్నాడు ఆయన నెమ్మది మనిషి పాపం ఆయనకి నా వేగం అందడం లేదు. పాపని ఎండలో కిటికీ దగ్గర పట్టుకుంటే దాని కళ్లు నాతో మాట్లాడుతున్నాయి. పాపని చూడ్డానికి ఇంటికొచ్చిన నర్సు నన్ను చూసి "తల్లి ఎంత కళకళలాడుతోందో" అంది. అవును నేను కళకళలాడుతున్నాను, నువ్వెప్పుడైనా ఇలా ఉన్నావా, ఉంటే నాకెందుకు చెప్పలేదు ఇంత బాగుంటుందని

వచ్చెయ్ వెంటనే వచ్చెయ్ మనిద్దరం షాపు పెడదాం

*

మీ ఇల్లు, వంటగది బల్ల

అక్కా,

ఆ ఉత్తరం సగమే చదివాను. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి అలాగే బయల్దేరాను. నేనొచ్చేసరికి నువ్వు గుమ్మంలో ఉన్నావు, మాట పోయి గొంతులో గాలి మాత్రం వస్తోంది, ఇంకా మాట్లాడుతూనే ఉన్నావు. బావ పాపని గుండెకి అదుముకుని, ఏం చెయ్యాలో తెలియక నిలబడి ఉన్నాడు. నన్ను చూసి "ఇదేంటమ్మా, ఇదేంటి?" అన్నాడు. అదేమిటో ఆ ఇంట్లో తెలిసినది నాకొక్కదానికే. నిన్ను ఆటో ఎక్కిస్తుంటే నా చెయ్యి కొరికావు. దాని గురించి ఆలోచించకు. నేనొకప్పుడు నిన్ను కొరికాను, చెల్లుకి చెల్లు.

పాప బాగుంది. దానికేమీ కాలేదు. ముందు ఇది నమ్ము.

వార్డు నాకు తెలుసు కాబట్టి కొన్ని చెప్తాను. బిళ్ళ వేసుకున్నాక నర్సు అడక్కముందే నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించు, త్వరగా వదిలిపెడతారు. నీళ్లు బాగా తాగు. పక్క మంచాల వాళ్లకి సలహాలివ్వకు. ఇప్పుడు ఉన్నది దిగిపోతుంది, తర్వాత అడుగు తగులుతుంది, అది ఇంకా కష్టం. ఆ రోజుల్లో ఇంక ఎప్పటికీ ఇంతే అనిపిస్తుంది. అది అబద్ధం. నేను అక్కడిదాకా వెళ్లి వచ్చిన మనిషిని, నా మాట నమ్ము.

నా మాట నమ్మమని అనే హక్కు నాకుందో లేదో. ఎదురుగా చెప్పాలన్న మాట ఇప్పుడు చెప్తాను. అక్కా, మనం వేరు కాదు. ఒకటే. ఒకే గుడ్డు. డాక్టరమ్మ చెప్పిన రోజే నీకు తిరగేసి రాశాను. నిజం రాస్తే పాప ఉండదని అలా చేశాను. పురిటి తర్వాత నీకు ప్రమాదమని ఆవిడ నాకు ముందే చెప్పింది. నిద్ర, నిద్ర అని నీకు చుట్టూ తిప్పి చెప్పానుగానీ ఎందుకో చెప్పలేదు. చెప్పి ఉంటే వాళ్లు నిన్ను కనిపెట్టుకుని ఉండేవాళ్లు. అందరం పాప లెక్కే వేశాం. నీ లెక్క తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నోరు మూసుకుని కూర్చున్నాను.

క్షమించమని అడగను. ఒక చేత్తో పాపని ఎత్తుకుని రాస్తున్నాను, దీన్ని పట్టుకుని తప్పు చేశానని పూర్తిగా అనలేకపోతున్నాను. నిన్ను తల్చుకుంటే ఒప్పు చేశానని అసలు అనలేకపోతున్నాను.

రాత్రి పాలు బావవంతు, పగలు నావంతు. ఒప్పందం రాసుకున్నంత గట్టిగా అనుకున్నాం. నేను కూడా పడిపోతే ఈ ఇంట్లో నిలబడి ఉండేది ఫ్రిజ్ ఒక్కటే.

నీ వెనకది

*

ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు

వెనకదానా,

నీ ఉత్తరం నర్సు చాలా రోజులు దాచి నిన్న ఇచ్చింది. చదవడానికి చాలాసేపు పట్టింది. అక్షరాలు నిలబడటం లేదు. అద్దాలు ఇక్కడ తీసేసుకున్నారు, గాజు కదా. చెయ్యి వణుకుతోంది. నువ్వు ఈ చేత్తో కాలర్లు ఎలా చేశావో ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది.

నాకు కోపంగా ఉంది. చాలా ఉంది. నువ్వు అబద్ధం చెప్పావని కాదు. నా భయం నాది. దాన్ని నా దగ్గర్నుంచి లాగేసుకున్నావు. ఆ భయం ఉండుంటే డాక్టరుతో చెప్పేదాన్ని, పడుకునేదాన్ని, నీకు తలుపు తీసేదాన్ని. లేదంటే పాపే ఉండేది కాదు. ఈ రెండో మాట దగ్గరికి వచ్చేసరికి కోపం ఎటు వెళ్లాలో దానికే తెలియడం లేదు. మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది. ఇది ఎప్పటికి తగ్గుతుందో నాకు తెలియదు. తగ్గిందని నీకోసం చెప్పను.

గోడవైపు తిరిగి పడుకుంటున్నాను. నువ్వు చెప్పిన అడుగు తగిలింది. ఇంతే ఇంక అనిపిస్తోంది. అది అబద్ధమన్నావు కాబట్టి లేచి స్నానం చేశాను. ఇవాళ అంతే చేశాను.

ఆదివారం మీరిద్దరూ పాపని తెచ్చినప్పుడు నువ్వు మందుల చీటీ కోసం బయటికి వెళ్లావు చూడు, అప్పుడు జరిగింది నీకు తెలియదు. మీ బావ పాపని నా ఒళ్లో పెట్టాడు. ఏడుస్తుందనుకున్నాను. ఇన్ని వారాలుగా చూడని తల్లిని కదా. నాకు అద్దాలు లేవు, బిళ్ళలతో ముఖం ఉబ్బి అచ్చం నీలాగే అయ్యాను. అది కాసేపు నా ముఖం చూసింది. తర్వాత నోరంతా తెరిచి నవ్వింది, రోజూ చూసేవాళ్లని చూసి నవ్వినట్టు. మీ బావ "చూశావా, అమ్మని గుర్తుపట్టింది" అని కళ్లు తుడుచుకున్నాడు.

ఆ నవ్వు నీదని నాకు తెలుసు. తెలిసే తీసుకున్నాను. ఇంకెక్కడా ఏమీ దొరకడం లేదే నాకు.

వచ్చే ఆదివారం కూడా తీసుకురా. వచ్చాక కాసేపు బయటికి వెళ్లు.

నీ అక్క